డక్టులో మొహం

పదహారేళ్ళుగా విజయరంగన్ ఇంటి వంటింటి తలుపు ఉదయం ఆరున్నరకు తీసేది విజి. వైతికుప్పంలో తన గదికి తాళం వేసుకొని, కొంత దూరం సముద్రం పక్కనే నడిచి, కాలువ దాటి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు చెమ్మగిల్లి ఉండేవి. రాగానే పాలు పొయ్యి మీద పెట్టాలి. అయ్య తల్లి, పెద్దమ్మ జయమ్మాళ్‌కు చక్కెర లేని కాఫీ, అయ్య విజయరంగన్‌కు చక్కెర వేసిన కాఫీ. అయ్యకూ షుగరే, కానీ ఆ ఇంట్లో అయ్యకు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆయన పెళ్ళాం, అమ్మ జయంతికి అల్లం టీ. వాళ్ళ కొడుకు, ఎనిమిదేళ్ళ శ్యామ్‌సుందర్‌కు గ్లాసు నిండా పాలు. అందరూ తాగినాక విజి తడిగుడ్డ తీసుకొని హాల్లోకి పోయి, పైకప్పులో ఉన్న ఏసీ జాలీల కింద రాలిన నల్ల పొడిని తుడిచేది. ఈ ఒక్క పని మాత్రం కొత్తది. తుపాను వచ్చిపోయినాక మొదలయింది.

ఇంటికంతా ఒకే ఏసీ ఉండాలని పట్టుబట్టింది విజయరంగనే. చెన్నైలో ఏదో పెద్ద హోటల్లో రెండు రాత్రులు పడుకొని వచ్చి, గదికొక పెట్టె తగిలించుకోవడం నామర్దా అన్నాడు. పైకప్పు కింద ఇంకో దొంగకప్పు కట్టించి, అందులో గొట్టాలు పరిపించి, గదిగదికీ జాలీ పెట్టించాడు. గాలిని వెనక్కి లాక్కునే గొట్టం నోరు మాత్రం నేలకు మూరెడు ఎత్తులోనే ఉండింది. కార్తీకంలో తుపాను కొట్టి కాలువ పొంగినప్పుడు ఆ నోట్లోకి నాలుగు రోజులు మురికినీళ్ళు పోయినాయి.

నీళ్ళు తీసినాక విజయరంగన్ ఇల్లు బాగుచేయించిన తీరు వీధంతా చూసింది. కొత్త సోఫా వచ్చింది. గోడలకు కొత్త రంగు పడింది. నేలను మిషను పెట్టి అద్దం మాదిరి తోమించారు. గొట్టాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

"అమ్మా, పైన గొట్టాల్లో నుంచి తడి గోనెసంచి వాసన వస్తా ఉండాది," అని విజి చెప్పింది.

"సాంబ్రాణి వెయ్యి," అంది జయంతి.

విజి సాంబ్రాణి వేసింది. రెండు రోజులు సాంబ్రాణి వేసిన గోనెసంచి వాసన వచ్చింది. మళ్ళీ చెప్పింది. ఈసారి ఊదొత్తి వెలిగించమన్నారు. పొంగలు పోయినాక శ్యామ్‌కు దగ్గు పట్టుకుంటే డాక్టరు మందు రాసిచ్చి, ముందు ఇంట్లో ఆ గాలి గొట్టాలు, డక్టులు కడిగించండని కూడా చెప్పాడు. విజయరంగన్ నవ్వేశాడు.

"ఇంటికొచ్చేవాళ్ళు నేల చూస్తారు, గోడ చూస్తారు. పైన గొట్టంలో తల పెట్టి ఎవురు చూస్తారు?"

పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా పెద్దలు? శివరాత్రి దాటి మాసి నెల ఎండలు మొదలై ఏసీ పగలూ రాత్రీ ఆడేసరికి పిల్లాడి దగ్గు ఆయాసమయింది. బడి మానేశాడు. వాడు ఊపిరి తీస్తే ఈల వేసినట్టు హాలు దాకా వినిపించేది. విజి వాడి రొమ్ముకు కర్పూరం నూనె రాస్తా కూర్చునేది. పుట్టిన పదకొండో రోజు నుంచి వాడికి నీళ్ళు పోసింది ఆమే. పెళ్ళి చేసుకొని ఆరు నెలలకే మొగుడు కాలం చేసిన మనిషి, ఆ పిల్లాడి మీద ప్రాణం పెట్టుకొని ఉండింది. ఇది అందరికీ తెలుసు.

చివరికి ఒక మంగళవారం పొద్దున పది గంటలకు డక్టులు కడిగే గుణశేఖరన్‌ను పిలిచారు. కాలాపేట నుంచి నిచ్చెన, బ్రష్షులు, గాలి లాగే మిషను ఆటోలో వేసుకొని వచ్చాడు. వంటింటి గుమ్మంలో నీళ్ళడిగి, విజి మాటలో తెలుగు యాస విని, "మనోళ్ళేనా అక్కా?" అని అరవం వదిలి తెలుగులోకి దిగాడు. శ్యామ్ గది బయట నిచ్చెన వేసి, జాలీ విప్పి, తల లోపల పెట్టి టార్చి కొట్టాడు. చాలాసేపు తల బయటికి తీయలేదు.

దిగినాక, "మొహం కట్టేసిందయ్యా," అన్నాడు.

జయమ్మాళ్ నాలిక చప్పరించింది. ఉప్పుగాలీ తేమా ఉన్న ఊరు, పైగా వరదనీళ్ళు నిలిచిన ఇల్లు. డక్టు కడగకపోతే లోపలి బూజు మొహం కట్టకేం చేస్తుంది? ఆ ఇంట్లో ఎవరి రొమ్ము మెత్తనో వాళ్ళ మొహమే కడుతుంది. పిళ్ళైచావడిలో జయమ్మాళ్ తమ్ముడింట్లోనూ కట్టింది. నెల తిరక్కముందే తుడిపించేశారు. ఆయన ఇప్పటికీ గుండ్రాయి మాదిరి ఉన్నాడు.

"కళ్ళు వచ్చినాయా?" అని అడిగింది జయంతి.

"తెరుచుకొని ఉండాయమ్మా. రెప్పలు కూడా కొడతా ఉండాయి."

జయంతి చీర ఎగ్గట్టుకొని తనే నిచ్చెన ఎక్కింది. రేకు మీద నల్లగా, మెత్తగా, ముందు పన్ను ఊడిన నోరు తెరుచుకొని కొడుకు మొహం ఉంది. అమ్మను చూసి నవ్వడానికి కూడా దానికి ఓపిక లేదు. ఆమె కిందికి దిగి మెట్టు మీద కూలబడింది.

"గోడలు ఎండితే ఇల్లు ఎండినట్టు కాదయ్యా," అన్నాడు గుణశేఖరన్. "గొట్టం లోపల దూది పట్టీ ఉంటాది. నీళ్ళు తాగిందంటే నెలల పొద్దు ఆరదు. దాన్ని తాకిన గాలినే మీరు పీలుస్తా ఉండారు. పోయిన నెల పిలిచుంటే ఒక గుడ్డతో పోయేది."

"ఇప్పుడేం చేయాల?" అన్నాడు విజయరంగన్.

"కళ్ళు తెరిచినాక ఉత్తగా తుడిస్తే పోదు, మళ్ళీ బిడ్డ రొమ్ములోకే దిగతాది. నేను గుడ్డ ఆనించేటప్పుడు ఈ ఇంటివాళ్ళు ఈ ఇంటి గాలి పీల్చే మనిషినెవురినైనా పేరు పెట్టి పిలవాల. ఆ మనిషి పలకాల. పలికిన మనిషి రొమ్ముకు పోతాది, ఇంక ఆ మనిషిని ప్రాణాలతో వదలదు. ఎవురూ పలక్కపోతే నేను చేసేదేమీ లేదు."

తరవాత హాల్లో జరిగిందంతా విజి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. చారు పోపులో వెయ్యాల్సిన కరివేపాకు చేతిలోనే ఉండిపోయింది.

విజయరంగన్ గొంతు సవరించుకున్నాడు. "పలికేదానికి నాకేం భయం? నా బిడ్డ కోసం నేను పలకనా? కానీ బాహూరు పొలాలన్నీ నా పేరు మీదనే ఉండాయి. ఇప్పుడు నాకేమన్నా అయితే అన్నదమ్ములు మిమ్మల్ని వీధిలో నిలబెడతారు."

"నాకు చెవులు సరిగ్గా వినబడవబ్బా," అంది జయమ్మాళ్, ఆమెను ఎవరూ పిలవకముందే. "పిలిచినా పలకలేను."

గోడ అవతల గుసగుసలాడితే వినే మనిషి ఆమె.

జయంతి ఏడ్చింది. ఆ ఏడుపులో దొంగతనమేమీ లేదు. "నేనే పలుకుతా. నన్ను పిలవండి," అని లేచి నిచ్చెన దగ్గరికి పోయింది. గుణశేఖరన్ గుడ్డ మందునీళ్ళలో ముంచాడు. విజయరంగన్ నోరు తెరిచాడు. అంతలో ఆమె వెనక్కి తిరిగి, "కానీ నేను పోతే వాణ్ణి ఎవురు చూసుకుంటారు?" అని అడిగింది.

"విజి చూసుకుంటాదిలే," అంది జయమ్మాళ్.

ఓదార్పుకని అన్న మాటే. అయితే ఆ పేరు వినబడగానే హాల్లో ఏడుపు ఆగిపోయింది. మూడు తలలూ ఒకేసారి వంటింటి వైపు తిరిగినాయి.

విజి తెలివితక్కువది కాదు. తన చావు ఆ మూడు మొహాల్లో కనబడింది. వాళ్ళు దగ్గరికి వచ్చి, "విజీ, బిడ్డ కోసం పలుకుతావా?" అని అడిగి ఉంటే ఏం చెప్పేదో! ఒకవేళ సరేననే అనేదేమో. ఆ పిల్లాడికి తల్లి చేయాల్సిన పనుల్లో సగం పైన విజి చేసినవే. కానీ ఎవరూ అడగలేదు. అడిగితే కాదంటుందేమోనన్న భయం కూడా వాళ్ళకు రాలేదు, అడగాలనే తోచలేదు.

పొయ్యి ఆర్పింది. చారు మీద మూత పెట్టింది. చెయ్యి కడుక్కొని గోడకు తగిలించిన గుడ్డసంచి తీసుకుంది. ఇక ఈ ఇంట్లో ఎవరు పిలిచినా పలకకూడదని పళ్ళు బిగించుకొని హాల్లో నుంచే నడిచింది.

"విజీ," అన్నాడు విజయరంగన్.

ఆమె నడుస్తూనే ఉంది.

"ఏమే విజీ!"

పదహారేళ్ళలో ఆయన రెండోసారి పిలవాల్సి రావడం అదే మొదలు. విజికి ఎక్కడో కొంచెం సంతోషం వేసింది.

"ఒసే విజీ, చెవుడేందే నీకు?" అని జయమ్మాళ్ అరిచింది. చెవుడు ఎవరికో ఆమెకే తెలియాలి. నిచ్చెన మీద గుణశేఖరన్ గుడ్డ పట్టుకొని గాలిలో చెయ్యి పెట్టి ఉన్నాడు. లోపల గదిలో పిల్లాడి ఊపిరి ఈల వేస్తా ఉంది. విజి దాన్ని కూడా దాటి వాకిట్లోకి వచ్చేసింది. చెప్పులు వేసుకుంది. ఇంకో నాలుగు మెట్లు దిగితే గేటు. గేటు దాటితే ఎండ, వీధి, తన ఊపిరి తనది.

వెనకాల వట్టి కాళ్ళ చప్పుడయింది. జయంతి గడప దాకా వచ్చి ఆగింది. ఆమె అరవలేదు. ఆయాసపడుతూ, మెల్లిగా, "విజీ, తినకుండానే పోతా ఉండావే?" అంది.

చూడండి ఆ మాట! పదహారేళ్ళు ఆ ఇంట్లో వండి వార్చి, అందరూ తిన్నాక మూడు గంటలకు పెరట్లో నిలబడి మిగిలింది తిన్న మనిషి. తిన్నావా అని ఏ రోజూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. తన కన్నతల్లి అన్నమ్మాళ్ పోయినాక ఆ మాట ఆమె చెవిన పడనే లేదు. పళ్ళ బిగువు తెలియకుండానే వదిలిపోయింది.

"పరవాలేదమ్మా," అని విజి వెనక్కి తిరిగి చెప్పింది. "ఇంటికాడ తింటాలే."

లోపల విజయరంగన్ చెయ్యి ఊపాడు. నిచ్చెన కిర్రుమంది. రేకు మీద తడిగుడ్డ ఒక్కసారి బరబరా రాసిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే గదిలో ఈల ఆగి, పిల్లాడు సాఫీగా, పొడుగ్గా ఒక ఊపిరి తీశాడు. అది విని జయంతి, "కన్నా!" అంటూ లోపలికి పరుగెత్తింది. తినకుండా పోతా ఉండావే అన్న మాట ఆమె మాయ చేసి అన్నదో, నిజంగానే నోట్లోంచి వచ్చిందో ఆమే చెప్పాలి. ఎప్పటికీ చెప్పలేదు. అన్నం సంగతి కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

విజి చెప్పులతోనే మెట్టు మీద కూర్చొని దగ్గింది. మొదటి దగ్గు. గొంతులో తడి గోనెసంచి వాసన వచ్చింది. గుణశేఖరన్ నల్ల నీళ్ళ బకెట్టు కాలువలో పారబోసి వచ్చి ఆమె ముందర నిలబడ్డాడు.

"ఎందుకు పలికితివక్కా?"

"తినమని పిలిచింది గదా."

గుణశేఖరన్ ఖాళీ బకెట్టు కింద పెట్టాడు.

"నువ్వెందుకు ఆనిస్తివి గుడ్డ?" అని విజి అడిగింది.

"అయ్య చెయ్యి ఊపినాడు. పనికొచ్చిన ఇంట్లో చెప్పింది చేసేదే గదక్కా." జేబులో నుంచి కొత్త మాస్కు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మొహం పోయినాక ఇంట్లో గాలి మంచిదే. ఇంక ఆర్నెల్లకొకసారి కడిగిస్తామని మాటిచ్చినారు."

శుక్రవారానికి శ్యామ్ బంతి ఆడుతున్నాడు. విజి పనికి పోతూనే ఉంది. పోయింది ఎలాగూ పోయింది, జీతం కూడా ఎందుకు పోగొట్టుకోవాలని ఆమె లెక్క. రొమ్ములో ఈల వేస్తా ఉంటే కాలువ దాటి రావడానికి అంతకుముందుకన్నా రెండింతలు పొద్దు పట్టేది. పిల్లాడు ఆ ఈల విని నవ్వి, "విజీ, నా ఈల నువ్వు తీసుకున్నావా?" అన్నాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. విజి వాడి తల నిమిరి పాలిచ్చింది.

పన్నెండో రోజు జయంతి వంటింటి గుమ్మంలోనే నిలబడింది. ముక్కుకు పైట కొంగు అడ్డం పెట్టుకొని ఉంది.

"వాడు ఇప్పుడిప్పుడే కోలుకుంటా ఉండాడు విజీ. నీ దగ్గు చూస్తే భయమైతా ఉండాది. మళ్ళీ వాడికి అంటుకుంటే ఏం చేసేది?" అంది. "రేపటి నుంచి రావద్దులే. ఇంకో మనిషిని చూసినాము."

విజికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. ఆ దగ్గు ఎవరిదని అడగాలనుకుంది. ఆ బిడ్డ పీలుస్తున్న ఊపిరి ఎవరిదని, మీ పొలాలూ మీ చెవుడూ ఎందుకు పనికొచ్చినాయని ముగ్గురినీ వరసగా నిలబెట్టి అడగాలనుకుంది. మాట కోసం ఊపిరి ఎగదీసేసరికి దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకొని వంగిపోయింది. అది తగ్గేదాకా జయంతి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ఇంక అడగడానికి విజి దగ్గర ఊపిరి మిగల్లేదు. గుడ్డసంచి తీసుకొని, హాలు దాటి, వాకిట్లోకి వచ్చింది.

కడిగిన జాలీల్లో నుంచి చల్లగాలి మెత్తగా, ఏ వాసనా లేకుండా వాకిలి దాకా వస్తా ఉంది.

"విజీ," అని లోపల నుంచి జయంతి పిలిచింది. "తలుపు వేసి పోవే. చల్లగాలంతా బయటికి పోతా ఉండాది."

"సరేనమ్మా," అని విజి తలుపు దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా వేసింది.