ఎర్ర నాలుక

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది సంగతిది. మిల్లు ఫుట్‌బాల్ జట్టు పేరు పులులు, రేవు జట్టు పేరూ పులులే. ఆటరోజు మైదానంలో గంతులేసే రెండు జట్ల పులి వేషాలూ ఒక్క దర్జీయే కుట్టేవాడు. మిల్లు పులికి ఎర్ర నాలుక, రేవు పులికి పసుపు నాలుక. జనం తమ పులిని పోల్చుకునేది నాలుక చూసే. ఆ ఏడాది పసుపు గుడ్డ వరదలో కుళ్లిపోయింది. పులి నాలుక ఎర్రగానే ఉంటుంది కదా అని దర్జీ రెండింటికీ ఎర్రదే కుట్టేశాడు. రేవు పులి వేషం కట్టేది అతని తమ్ముడే.

ఆటకు ముందురోజు సాయంత్రం మిల్లువాళ్లు ఇద్దరు దర్జీ కొట్లోకి వచ్చారు.

“రేవు పులికి మా నాలుక ఎలా వచ్చింది టైలరూ?” అన్నాడు పెద్దవాడు నెమ్మదిగా.

“గుడ్డ లేక పెట్టానయ్యా, తప్పు నాదే. ఇప్పుడే వెళ్లి కోసేస్తాను.”

“నీకెందుకా శ్రమ? రేపు మైదానంలో మేమే కోసుకుంటాం.”

రెండోవాడు బల్లమీది కత్తెర తీసి, పదును చూసి, జేబులో వేసుకున్నాడు.

దర్జీ ఇంటికెళ్లేసరికి తమ్ముడు పులి వేషంలో అద్దం ముందు గంతులేస్తున్నాడు.

“రేపు మానెయ్యరా.”

“నేను మానేస్తే రేవుకు పులి ఏదన్నయ్యా? పిల్లిని పంపిస్తావా?” అని నవ్వాడు తమ్ముడు.

మర్నాడు పొద్దున్నే, తమ్ముడు లేవకముందే, దర్జీ వాడు పడుకున్న గదికి బయట గడియ పెట్టాడు. వేషం తనే తొడుక్కుని, పులి తల నెత్తిన పెట్టుకుని, మెడ దగ్గర బొత్తాలు బిగించుకుని మైదానం వైపు నడిచాడు.