కోడలు నడిపితేనే వచ్చే చప్పుడు

కారులో చప్పుడు వస్తోందని కోడలు చెప్పినప్పుడల్లా భర్తా అత్తగారూ ఆమె వంక చూసేవారే తప్ప కారు వంక చూసిన పాపాన పోలేదు. వెనక ఎడమ చక్రం దగ్గర చప్పుడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే చాలు, దడక్‌మనేది. అత్తగారికీ వినపడేది. వినపడదా మరి, సరిగ్గా ఆవిడ సీటు కిందే కదా! కాకపోతే ఆవిడ సాయంత్రం కొడుకుతో చెప్పే తీరు వేరు.

"నీ పెళ్లాం నడిపితే కారు ఏడుస్తోందిరా," అనేది.

కొడుకు నడిపితే మాత్రం అది కిక్కురుమనేది కాదు. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ఏమీ లేదు. పైకెత్తి చక్రాలు ఊపి చూశాడు. ఏమీ లేదు. చేతులు తుడుచుకుంటూ, "మేడమ్ క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతారా సార్?" అని అడిగాడు. మేడమ్ పక్కనే నిలబడి ఉంది. అయినా ప్రశ్న సారుకే.

"పెడుతుందేమో," అన్నాడు సారు.

క్లచ్ మీద కాలు పెడితే వెనక చక్రం ఎందుకు మోగుతుందో అడిగినవాడికీ తెలియదు, ఒప్పుకున్నవాడికీ తెలియదు. ఆ 'ఏమో' ఉందే, దానికి కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురిలో నోరు చేసుకోవడం ఎందుకని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఫలితం ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. సోమవారం నుంచి డ్రైవర్ వస్తాడట. అత్తగారిని మోకాళ్ల వ్యాయామానికి అతనే తీసుకెళ్తాడట. కోడలు తన కళ్లద్దాల షాపుకు బస్సులో వెళ్లొచ్చట. అడగలేదు, చెప్పారు. అత్తగారిని దింపేశాక షాపు దాకా ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లే ఆ కాసేపే, రోజు మొత్తంలో ఎవరికీ ఏమీ అందించక్కర్లేని సమయం. దాన్ని కూడా లాగేసుకున్నారు.

మర్నాడు అత్తగారిని దింపి వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు దడక్‌మన్న స్పీడ్ బ్రేకర్ మీద నుంచే ఇప్పుడు కారు మెత్తగా దిగిపోయింది. ఆమె మళ్లీ చుట్టు తిరిగి వచ్చి దాని మీదికే పోనిచ్చింది. చప్పుడు లేదు. షాపులో ఆమె పని జనం కళ్ల ముందు అద్దాలు మార్చడం. ఒకసారికి ఒక్క అద్దమే మార్చి, తేడా ఏమిటో అడగడం. ఇప్పుడు కారులోంచి తీసింది ఒక్కటే. అత్తగారు.

కానీ కొడుకు నడిపినప్పుడూ ఆవిడ ఎక్కుతుందిగా? ఎక్కుతుంది, ముందు సీట్లో. ముగ్గురూ వెళ్తే కోడలు భర్త వెనక కుడివైపు కూర్చుంటుంది. కోడలు నడిపేటప్పుడు మాత్రమే అత్తగారు తన భారీ శరీరాన్ని వెనక ఎడమ సీట్లోకి చేర్చుకుంటుంది. ఎందుకు అత్తయ్యా అని ఒకసారి అడిగితే, నువ్వు నడుపుతుంటే ఎదురుగా రోడ్డు చూడటం నావల్ల కాదమ్మా అంది.

అంటే భయంతో వెనక కూర్చునేది ఆవిడ, ఆ బరువుకు మోగేది కారు, నడపడం చేతకాదని మాట పడేది తను. ఇంకొకరైతే నవ్వుకునేవారేమో. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

శనివారం ముగ్గురూ షెడ్డుకు వెళ్లారు, డ్రైవర్ వచ్చేలోగా బండి ఒకసారి చూపించాలని. కోడలు ముందు తలుపు తీసి, అత్తగారిని దిగి వెనక ఎడమవైపు కూర్చోమంది. మెకానిక్‌ను ముందు ఎక్కమంది. అమ్మను ఎందుకు ఇందులోకి లాగుతావని భర్త విసుక్కున్నాడు.

"మీరే నడపండి," అంది ఆమె, వెనక తన చోట్లో కూర్చుంటూ. "నన్ను బస్సెక్కించే ముందు ఇది ఒక్కటీ చూడండి."

వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు దడక్‌మంది. ఆయన వెనక్కి తిప్పి, ఈసారి పసిపిల్లాణ్ణి దింపినంత నెమ్మదిగా దించాడు. దడక్.

"సారు క్లచ్ మీద కాలు పెట్టారేమో అడగండి," అంది కోడలు, మెకానిక్‌తో.

మెకానిక్ సారును వెనక్కి పోనివ్వమన్నాడు. షెడ్డుకు రాగానే అత్తగారిని దిగనివ్వకుండా కారు కింద దూరాడు. షాక్ అబ్సార్బర్ చివర ఉండే రబ్బరు బుష్ చీలిపోయిందనీ, బరువు పడితే ఇనుముకు ఇనుము కొట్టుకుంటోందనీ అక్కణ్ణుంచే అరిచాడు. అది ఎవరు నడిపినా చీలేదేనట. ఇదంతా కూడా సారుకే చెప్పాడు.

సారు భార్య వైపు తిరిగాడు. "సరేలే, డ్రైవర్‌ని వద్దంటాను. ఇక నువ్వే నడుపుకో," అన్నాడు, పోనీలే పాపమని వదిలేసినట్టు. చేయని తప్పును మన్నించేశాడు మహానుభావుడు!

"నడుపుతాను. నా తప్పు లేదని చెప్పండి."

"ఇప్పుడు చెప్పానుగా."

"చెప్పలేదు."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ కిటికీ అద్దం వైపు తిరిగిపోయింది. ఆయన తన చెప్పులతో చెబుతున్నట్టుగా, "నీ తప్పేం లేదు," అని గొణిగాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి," అంది కోడలు. "మెకానిక్ గారు కారు కింద ఉన్నారు. ఆయనకు వినపడి ఉండదు."