హైమవతి గారి పెరటి తలుపు

కొందామని చూసిన ఇల్లు బాగానే ఉంది. పైన టేకు దూలాలు, వంటింట్లో మంచి వెలుతురు. వన్‌టౌన్‌లో మా ఆయన జాన్సన్ పనిచేసే బట్టల కొట్టుకి నడిచి వెళ్లేంత దూరం. ఏడేళ్లుగా అద్దె గదులు మారుతున్న మాకు ఇంతకన్నా మంచిది దొరకదని నాకూ తెలుసు. నా భయమల్లా ఆ సందు. రెండు బళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. మెయిన్ రోడ్డు చేరేలోపు మూడు మలుపులు.

మా డయానాకి మూడేళ్లు. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. కిందటేడు రెండుసార్లు వచ్చాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి తెచ్చేయమని డాక్టరుగారు చెప్పారు. అప్పట్నుంచీ ఏ ఇల్లు చూసినా, గుమ్మం నుంచి ఆటో ఆగే చోటికి ఎంతసేపు పడుతుందో ముందు చూసుకుంటాను.

పాపని ఎత్తుకుని ఆ సందులో నడిచాను. మూడు నిమిషాల పైనే పట్టింది. మళ్లీ నడిచాను.

"ఏమ్మాయ్, సందు కొలుస్తున్నావా? టేపు ఇమ్మంటావా?"

ఎదురింటి పెరటి గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి నవ్వుతోంది. ఆవిడే హైమవతి గారు, రిటైరైన టీచరు. నా సంగతి చెప్పగానే తలుపు బార్లా తీశారు. పెరడు, నడవా, ముందు గది, అటువైపు గుమ్మం దిగితే మెయిన్ రోడ్డే. అర నిమిషం కూడా పట్టదు.

"ఈ సందులో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా మా ఇంట్లోంచే తీసుకెళ్తారు. అప్పట్లో మాణిక్యమ్మని పురిటికి మంచంతో సహా ఇట్నుంచే మోసుకెళ్లారు. మా అత్తగారి కాలం నుంచీ ఇంతే."

ఆ మాటతో నా గుండె కుదుటపడింది. కొందాం అన్నాను మా ఆయనతో.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పామర్రులో మా నాన్న కౌలు పొలానికి పక్కవాళ్ల గట్టు మీదుగా దారి ఉండేది, నోటిమాట మీద. ఆ గట్టు చేతులు మారింది, కంచె పడింది, సాగు ఆగిపోయింది. ఆ ఏడే నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. కాగితం మీద లేనిది ఎప్పుడైనా పోతుందని నాకు అప్పట్నుంచీ బెంగ. అందుకే డాక్యుమెంటు రాసే సంజీవరావు గారి చేత మా కొనుగోలు కాగితంలో ఒక లైను రాయించాను, హైమవతి గారి ఇంట్లోంచి మాకు నడక హక్కు ఉన్నట్టు.

"దీనికి ఆవిడ సంతకం కూడా కావాలమ్మా" అన్నారాయన.

కాగితం పట్టుకెళ్లాను. హైమవతి గారు కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

"నా ఇల్లేమైనా బస్టాండా అమ్మాయ్, రూటు రాసుకోడానికి?"

"అది కాదు మామ్మగారూ, పాప కోసం..."

"పాప కోసం తలుపు తీస్తానన్నాను. రాసిచ్చాక అది నేను తియ్యడం కాదు, నువ్వు తీయించుకోవడం."

తలుపు మూసేశారు. సాయంత్రం ఇల్లు ఇంకోసారి చూడ్డానికి వెళ్లేసరికి సందంతా తెలిసిపోయింది. మాణిక్యమ్మ గారు కుళాయి దగ్గర నన్ను ఆపి, "నీ మూలంగా మాకూ ఆ తలుపు మూసుకుపోయిందనుకో, ఊరుకోను" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఇల్లు అమ్మేవాళ్లకి శనివారంలోగా చెప్పాలి. కొందామా, గుణదల వైపు అపార్టుమెంటు చూద్దామా? నువ్వే చెప్పు" అన్నారు.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే పాపని చంకనేసుకుని పెరటి తలుపు తట్టాను.

"తప్పైపోయింది మామ్మగారూ. ఆ లైను తీసేయిస్తాను. ఒక్కటి అడగనా? మీ తర్వాత?"

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"నాకేం తెలుసమ్మా? మా అత్తగారి తర్వాత నేను తీస్తానో లేదో అప్పుడు వీళ్లకి మాత్రం తెలుసా? మాణిక్యమ్మ అమ్మవారికి నైవేద్యం పెట్టిన రోజు నాకింత పులిహోర తెస్తుంది, నేను దాని మనవడికి లెక్కలు చెప్తాను. అలా నడుస్తోంది. ఎవరొస్తే వాళ్లతో మళ్లీ నువ్వు మాట కలుపుకోవాలి."

ఊరట కలిగే జవాబు కాదు. కానీ అబద్ధం చెప్పలేదావిడ. నాన్న తన గట్టువాళ్లతో పండక్కి కూడా పలకరింపు పెట్టుకోలేదని నాకు అప్పుడు తోచింది.

"ఏదీ, పిల్లనెత్తుకుని ఒకసారి నడువు, చూద్దాం" అన్నారు. నడవాలో బియ్యం డ్రమ్ము నా మోకాలికి తగిలింది. ఇద్దరం కలిసి దాన్ని పక్కకి జరిపాం. వీధి తలుపుకి గడియ పైన ఉంది. పాప చంకలో ఉంటే నాకు అందలేదు.

"రేపు వడ్రంగిని పిలిపించి గడియ కిందకి దింపిస్తాలే" అన్నారావిడ. "దొంగలొస్తారంటావా? రానీ. ఎదురింట్లో నిద్రపోనిదానివి నువ్వుంటావుగా!"

రోడ్డు మీదకి వచ్చి మా ఆయనకి ఫోను చేశాను.

"కొందామండీ."

"సంతకం పెట్టారా ఆవిడ?"

"లేదు. ఆ లైను కొట్టేయించండి."

"మరి నీ భయం?"

"ఉంది" అన్నాను. "దాన్తోనే వద్దాం."