మెడవంపు గుమ్మడికి ఒక్క ఆడపువ్వు

గుమ్మడి అందం చూడాలంటే ఆ దర్జీ ఆవిడ పెరట్లోనే చూడాలి. ఒకటి పలకలు పలకలుగా గుండ్రంగా ముద్దొస్తుంది. ఒకటి పచ్చచారలతో గోడెక్కి కూర్చుంటుంది. మరొకటి పిడికిలంతే, పొగరుకు మాత్రం లోటు లేదు. అన్నిటికీ రాణి మెడవంపు గుమ్మడి. బాతులా మెడ తిప్పుకొని, గింజలన్నీ అడుగున ఒక్కచోటే దాచుకుంటుంది. అది అత్తగారు ఏళ్ల తరబడి కాపాడిన రకం. ఆవిడ పోయాక చివరి గింజల్లో ఈ ఇంట ఒక తీగ, తోటికోడలి ఇంట ఒక తీగ మొలిచాయి. ఆ గింజల పంపకంలోనే మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి.

ఇప్పుడు ఈ తీగ ఎండిపోతోంది. మిగిలింది ఒక్క ఆడమొగ్గ. తేనెటీగలు వేరే రకం పుప్పొడి అంటిస్తే కాయ ఇలాగే కాస్తుంది గానీ, దాని గింజలు వేస్తే ఏం కాస్తుందో దేవుడికే తెలియాలి. అందుకే సాయంత్రమే మొగ్గ మూతికి దారం కట్టింది. పొద్దున విప్పి, అదే రకం మగపువ్వు తెచ్చి రుద్దాలి.

తెల్లారేసరికి తీగ మీద మగపువ్వు ఒక్కటీ లేదు! వంటింట్లో మొగుడుగారు మూకుడు ముందు మహా హుషారుగా ఉన్నారు.

"కాయలు కాయని పూలే కదా అని కోసేశా. తిని చూడు, ఎలా కరకరలాడుతున్నాయో!"

"కొంప ముంచారు కదండీ!" అని నెత్తి కొట్టుకుంది.

"పక్క తీగల నిండా పూలున్నాయిగా, ఒకటి రుద్దేయ్."

"దానికంటే అది రాలిపోవడమే నయం."

ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది. పౌరుషం దిగమింగి, చెప్పులేసుకొని వెనకవీధికి నడిచింది.

తోటికోడలి పెరట్లో వేరే రకం లేదు. పందిరంతా మెడవంపు గుమ్మడే, ఆకు కనబడకుండా పూలే. చూసి దర్జీ ఆవిడ కోపం మరిచిపోయింది.

"ఎంత బాగా పెంచావే!"

తోటికోడలి కళ్లు నిండాయి. "ఏం బాగక్కా, అన్నీ మగపూలే. అత్తయ్య గింజ నాతోనే ఆగిపోతుందని భయంగా ఉంది. నిన్ను అడుగుదామంటే మొహం చెల్లలేదు."

"నేనూ అడగడానికే వచ్చాను. నా దగ్గర ఆడపువ్వుంది. నాలుగు పూలు కోసుకో, పద పద!"

ఇంటికి రాగానే పెద్దావిడ మొగ్గ దారం విప్పి రేకులు పట్టుకుంది. చిన్నావిడ మగపువ్వు రేకులు తీసేసి, మెల్లగా రుద్దింది. ఆ చేతి ఒడుపు చూస్తుంటే పెద్దావిడకు ముచ్చటేసింది. మళ్లీ దారం కట్టారు.

"కాయ నిలిస్తే గింజల పంపకం ఎలాగక్కా?" అంది తోటికోడలు భయంభయంగా.

"ఎలాగేమిటి, అన్నీ నీ పందిరికే. నీ చెయ్యి నాకంటే మంచిది."