మైనర్ సిక్స్త్ మోగినంతసేపు

సెలూనాయన రోజూ మధ్యాహ్నం షట్టర్ సగానికి దించి, చేతులకి గడ్డం సబ్బు వాసనతోనే గిటారు క్లాసుకి వెళ్ళేవాడు. కత్తెర ఆడించే చేయి కాబట్టి వేళ్ళు చెప్పినట్టు వినేవి. మేజర్, మైనర్, సెవెన్త్ కార్డ్‌లు, అంటే నాలుగైదు తీగలు కలిపి ఒకేసారి మోగించే పట్లు, చకచకా వచ్చేశాయి. అక్కడికొచ్చాక మేష్టారు ఆగాడు.

"ఇక మైనర్ సిక్స్త్. ముందు ఇంట్లో అడిగి రండి."

ఆ కార్డ్ నేర్పేముందు ఎవరికైనా ఇదే మాట చెప్పేవాడు. అది మోగితే ఆ ఇంట్లో పోయినవాళ్ళు వచ్చి కూర్చుంటారు. మోగినంతసేపు ఉంటారు. కొందరిళ్ళలో అందుకు చోటుండదు, కొందరికి మనసుండదు. వెనక వీధి టైలరు, "మా నాన్నొస్తే మళ్ళీ నా కొలతలన్నీ తప్పంటాడు" అని సెవెన్త్‌ల దగ్గరే మానేశాడు.

సెలూనాయన మొదటి భార్య పోయింది. ఇప్పుడున్నది రెండో ఆమె. భోజనం దగ్గర తలెత్తకుండా ఆమెనే అడిగాడు.

ఆమె గ్లాసులో నీళ్ళు పోసి, "నేర్చుకోండి. అక్కతో నాకూ ఓ మాటుంది," అంది.

పట్టు చూడ్డానికి సులువే. ఎ మైనర్ పట్టుకుని, చిటికెన వేలు అన్నిటికంటే సన్న తీగ మీద రెండో మెట్టులో నొక్కాలి. కానీ చిటికెన వేలు ఎప్పుడూ ఊరికే ఉండే వేలు. మొదట్లో తీగ మోగకుండా టక్కుమని ఊరుకునేది. షాపుకి సెలవున్న రోజు మధ్యాహ్నం చివరికి మోగింది. తియ్యగా మొదలై, చివర్లో ఎవరో వెనక్కి తిరిగి చూసినట్టుండే శబ్దం.

కిటికీ పక్క కుర్చీలో అక్క ఉంది. తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ, బస్సు కోసం చూస్తున్న మనిషిలా అంచున కూర్చుంది. ఆయన ఆపకుండా మీటాడు. రెండో ఆమె టీ పెట్టి మూడు కప్పుల్లో పోసి తెచ్చింది. మూడో కప్పు అలాగే చల్లారింది.

అప్పటినుంచి ఆయనకి అదే పని. షట్టర్ ఎత్తడం ఆలస్యమయ్యేది. ఒకాయన సగం గడ్డంతో కూర్చునుంటే, వేళ్ళు కాలిపోతున్నట్టు లేచి ఇంటికొచ్చేశాడు. మాటలు తగ్గాయి. రెండో ఆమె ఎదురుగా నిలబడితే, అడ్డం లెమ్మన్నట్టు తల పక్కకి వంచి కుర్చీ వైపు చూసేవాడు. తన ఇంట్లో తనే కనబడకుండా పోతున్నట్టు అనిపించేది ఆమెకి.

ఒకరోజు అక్క ముందు నేలమీద కూర్చుని అడిగేసింది.

"అక్కా, ఈయన్ని నాకు వదిలేసి వెళ్ళారా, ఊరికే వెళ్ళారా?"

అక్క ఆమె మొహంలోకి చూసింది. పెదాలు విడిపడ్డాయి. అంతలో ఆయన అరచేయి తీగలమీద పడింది. కుర్చీ ఖాళీ.

"వేలు జారింది," అన్నాడు.

మర్నాడు ఆమె మేష్టారి దగ్గరికి వెళ్ళింది. "ఈ కార్డ్ నాకు నేర్పండి. దాని తర్వాత ఏం వాయించాలో అది కూడా."

"ఆయనకి తర్వాతది చెప్పబోతే వద్దన్నారు," అన్నాడు మేష్టారు. "ఇది గుమ్మంలో నిలబడ్డ మనిషి లాంటిదమ్మా. ఎంతసేపని నిలబెడతాం? ఇంట్లో అడిగారా?"

"ఇంట్లో ఉన్నది నేనేగా."

మేష్టారు చూపించాడు. చిటికెన వేలు ఎత్తెయ్యాలి, మిగతావి ఒక్కో తీగ పైకి జరిపి ఇ మేజర్‌లో దించాలి. అది మోగుతున్నంతసేపు, వచ్చి కూర్చున్నవాళ్ళు లేచి నడిచి వెళ్తారు. ఆమె వేళ్ళ చివర్లు బొబ్బలెక్కి, గట్టిపడేదాకా నేర్చుకుంది.

ఒక సాయంత్రం ఆయన ఒళ్ళోంచి గిటారు తీసుకుంది. "నేను మీటుతాను. మీరు అక్కని చూస్తూ కూర్చోండి."

ఆయన చిన్నపిల్లాడిలా ఇచ్చేశాడు.

మైనర్ సిక్స్త్ మోగింది, అక్క వచ్చింది. రెండో ఆమె కాసేపు ఆయన్ని చూడనిచ్చింది. తర్వాత చిటికెన వేలు ఎత్తి ఇ మేజర్ మీటింది. అక్క మొదటిసారి కుర్చీలోంచి లేచింది. గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, ముందు రెండో ఆమె వైపు చూసింది. పరాయిదానిలా చూడలేదు. తర్వాత ఆయన వైపు చెయ్యి చాచింది.

ఆయన లేచాడు. చాలా రోజుల తర్వాత రెండో భార్య మొహంలోకి సూటిగా చూశాడు. "నువ్వు..." అని ఆగిపోయాడు.

"చెప్పులేసుకోండి. కింద మెట్ల దగ్గర తడిగా ఉంది."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళాడు.

ఆమె గిటారుతో కిటికీ దగ్గరికి జరిగింది. ఇప్పుడు ఆపితే అక్క మాయమవుతుంది, ఆయన నడివీధిలో ఒంటరిగా మిగిలిపోతాడు. అందుకని ఇ మేజర్ మీటుతూనే ఉంది. కింద ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నారు. సైకిలు మీద వస్తున్నతను దిగి దారిచ్చాడు. కూరగాయలాయన బండి పక్కకి లాక్కున్నాడు. ఆమె వేలి చివర చిట్లింది. తీగ తడిసింది.

వీధి మలుపు కిటికీలోంచి కనపడదు. కింది ఇంటావిడ రోడ్డు మీదకి వెళ్ళి చూసి, తలెత్తి మెల్లగా చెప్పింది.

"మలుపు తిరిగి వెళ్ళిపోయారమ్మా ఇద్దరూ. ఇక చాలు."

ఆమె ఇంకాస్సేపు మీటింది.