ఐదో కాగితం

మత్తుమందుల నిఘా ఆఫీసులో నా పని చదవడం. జిల్లా ఆసుపత్రుల నుంచి వచ్చే కాగితాల్లో ఎవరు ఏం మింగారో, బతికారో పోయారో చూసి పట్టికలో ఎక్కించాలి. ఒకే సరుకు వల్ల మూడు నెలల్లో ఐదుగురు పోతే జిల్లా అంతా హెచ్చరిక వెళుతుంది. నలుగురైతే వెళ్లదు. ఈ ఐదు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, వాళ్లింట్లో మాత్రం ఎవరూ పోయి ఉండరు.

మా పెద్దాయనని చాటున చుక్కల సారు అంటాం. గోడ మీది జిల్లా పటంలో చావుకో ఎర్ర చుక్క అంటిస్తాడు. పోయిన సోమవారం నీలం మాత్ర అనే కొత్త సరుకుకి నాలుగో చుక్క అంటించి, ఇంకొక్కటి ఉంటే గానీ పైవాళ్లు కదలరని తల పట్టుకున్నాడు. నేను తల దించుకుని టీ తాగాను.

ఆ ఇంకొక్కటి మా ఇంట్లో ఉంది. రెండు నెలల కిందట ఒక ఉదయం తమ్ముడు మంచం మీంచి లేవలేదు. వాడి చొక్కా జేబులో మిగిలిన నీలం మాత్ర తీసి దాచింది నేనే. తెలిసిన డాక్టరు గుండె ఆగిందని రాసిచ్చాడు. నిజమే, ఎవరికైనా చివరికి ఆగేది గుండేగా.

"పోయినవాడి పేరు నలుగురి నోళ్లలో నాననివ్వకే," అంది అమ్మ నా చెయ్యి పట్టుకుని.

సరేనన్నాను. అమ్మ కోసమే అనుకున్నాను గానీ, నాకూ సిగ్గేసింది. ఊరందరి మత్తూ లెక్కగట్టే దాన్ని, పక్కగదిలో వాణ్ణి కనిపెట్టలేకపోయాను.

ఆ వారమంతా రోజూ ఖాళీ ఫారం బయటికి తీయడం, మళ్లీ సొరుగులో పెట్టడం.

ఈ సోమవారం ఐదో కాగితం వచ్చింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి. నీలం మాత్ర. శనివారం పోయింది. ఆసుపత్రికి తెచ్చినవారు: అక్క.

మధ్యాహ్నానికల్లా హెచ్చరిక అన్ని ఆసుపత్రులకీ చేరింది. వారం ముందే చేరాల్సింది. అమ్మకి ఫోన్ చేసి ఆ అమ్మాయి సంగతి చెప్పాను.

"వాడి పేరు రాసెయ్యి," అంది.

రాసి తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. నీరసంగా చుక్కల డబ్బా అందుకున్నాడు.

"అప్పుడే ఆరోదా?"

"ఆరోది కాదు సార్. మొదటిది. మా తమ్ముడు."

ఆయన ఫారం మీది తేదీ చూశాడు. తర్వాత ఆ అమ్మాయి కాగితం చూశాడు. లేచి పటం మీద చుక్క అంటించాడు. తిట్టినా బాగుండేది.