పాలు పొంగే చోటు

పాలు పొయ్యి మీద పెట్టి పక్కకు జరగకూడదని ఆ ఇంట్లో నియమం. నియమం అందరిదీ, కాపలా ఆమెది. అందుకే ఆమె కట్టిన పాటలన్నీ ఒక కన్ను గిన్నె మీద ఉండగానే పుట్టాయి.

ఇవాళ కన్ను నిలవడం లేదు. ముందుగదిలో రేడియో స్టేషన్ నుంచి వచ్చిన అమ్మాయి, కచేరీలు చేసే ఆమె భర్తని అడుగుతోంది.

"చరణం మధ్యలో ఠక్కున ఆగిపోతారు కదండీ. ఆ నిశ్శబ్దం ఎలా తోచింది మీకు?"

"శూన్యం కూడా స్వరమేనమ్మా. వినడానికి సాధన కావాలి."

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఒళ్ళు మండింది. ఆ చరణం కడుతుండగా పాలు పొంగబోయాయి. పాట గాలికొదిలి, మంట తగ్గించి, మళ్ళీ ఎత్తుకుంది. గుమ్మంలో నిలబడి విన్న ఆయన ఆ ఆగడంతో సహా పట్టుకుపోయి కచేరీలో పాడేశాడు. అడిగితే, "కూనిరాగం ఎవరైనా తీస్తారు, దాన్ని పాట చేసింది నేను" అన్నాడు. "మొగుడి పేరేగా పడింది, పరాయివాడిది కాదుగా" అని అత్తగారు తీర్పు చెప్పేశారు. తన అమ్మమ్మ కట్టిన జోలపాటకైతే పాటల పుస్తకంలో 'కర్త తెలియదు' అని వేశారు. ఎవరికి తెలియదు? అమ్మమ్మకు బాగానే తెలుసు, అడిగినవాళ్ళే లేరు. ఇలా ఊరూ పేరూ లేకుండా ఎన్ని వంటిళ్ళ పాటలు తిరుగుతున్నాయో. తన పాటకు పేరైనా ఉంది, కాకపోతే అది మొగుడిది. తుడిచిన పొయ్యి గట్టునే మళ్ళీ మళ్ళీ తుడిచి, గుడ్డ విసిరికొట్టింది.

"ఏమోయ్, కాఫీ ఏమైంది?"

ఆమె మంట కాస్త పెంచి, వట్టి చేతులతో ముందుగదిలోకి వచ్చింది.

"పాలు కాగుతున్నాయి" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరూ పాడతారా అండీ?" అంది అమ్మాయి.

"అబ్బే, ఈవిడవి వంటింటి రాగాలు" అని ఆయనే జవాబిచ్చాడు.

"ఆ రికార్డరు ఆపకమ్మా" అందామె. "ఈ పాట నేను కట్టిందే. ఆయన ఆగే చోట ఒక ముక్క ఉండాలి. అది ఆయనకు రాదు. నేనింకా పాడలేదుగా."

ఆయన గొంతు సవరించుకునేలోపే ఆమె ఎత్తుకుంది. చరణం సగానికి వచ్చేసరికి లోపల్నుంచి సుయ్యిమన్న చప్పుడు, దాని మీద అత్తగారి కేక.

"పాలు పొంగిపోతున్నాయే!"

అలవాటుకొద్దీ కాలు లేవబోయింది. రెండో కాలితో దాన్ని తొక్కిపట్టి, ఆగకుండా పాడింది.